తోమా పండుగ తర్వాతి గురువారం

పుస్తకంలో పేరు పడుతుందన్న ఆశ మనిషిని ఎంత వెర్రివాణ్ణి చేస్తుందో తెలియాలంటే గాదె తోమా సంగతి వినాలి. తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే అలవాటూ లేదు. నలభై మూడేళ్లు బుద్ధిగా బతికిన మనిషి. ఆ ఒక్క ఆశే ఆయన్ని పట్టుకుంది, పట్టుకున్నాక మూడేళ్లు వదల్లేదు.

బహ్రెయిన్‌లో, సిత్రాలో ఉన్న ఒక కాంట్రాక్టు కంపెనీ సైటు ఆఫీసులో తోమా డాక్యుమెంట్ కంట్రోలర్. పేరు ఘనంగా ఉంటుంది గానీ పని కాగితాల కాపలా. ఇంజనీర్లు గీసిన డ్రాయింగు రాగానే నంబరు వేయాలి, నకళ్లు తీయాలి, ఎవరికి ఇచ్చిందీ రాసుకుని సంతకం పెట్టించుకోవాలి, పాతదాన్ని వెనక్కి తెప్పించి చెల్లదని ముద్ర కొట్టాలి. ప్రతి డ్రాయింగుకీ కింద కుడి మూలన మూడు గళ్లుంటాయి. తయారు చేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. పదహారేళ్లలో తోమా చేతి మీదుగా వేల డ్రాయింగులు పోయాయి. వాటిలో తప్పులు ముందు ఆయన కంటపడిన సందర్భాలూ బోలెడు. ఆ గళ్లలో మాత్రం ఆయన పొడి అక్షరాలు ఒక్కసారీ పడలేదు. పడటానికి వీల్లేదు కూడా. ఇంటికి కాపలా కాసినంత మాత్రాన ఇల్లు మనదైపోతుందా?

2004 చివర్లో ఒకరోజు స్టాడ్లర్ అనే పెద్ద ఇంజనీరు నాలుగు లావుపాటి నోటుపుస్తకాలు తెచ్చి తోమా బల్ల మీద పెట్టాడు. ఆయనది ఆస్ట్రియా. ఆల్ప్స్ కొండల మధ్య గ్రాట్‌బాఖ్ అనే ఊరు. జనం మూడు వేలకు మించరు, కానీ వాళ్ల గర్వానికి మాత్రం కొదవ లేదు. ఆ కొండల్లో పూర్వం ఎవరు పడితే వాళ్లు సంత పెట్టుకోవడానికి లేదు. రాజో బిషప్పో రాసిచ్చిన పత్రం ఉండాలి. గ్రాట్‌బాఖ్‌కు 1507లో ఆ పత్రం దక్కింది. ఆనాటి నుంచి అది ఉత్త పల్లె కాదు, సంత ఊరు. ఇప్పటికీ పంచాయతీ బోర్డు మీద ఊరి పేరుకు ముందు ఆ మాట రాసుకుంటారట. 2007కి అయిదు వందల ఏళ్లు నిండుతాయి కాబట్టి ఊరి చరిత్ర రాసిపెట్టమని పంచాయతీ వాళ్లు స్టాడ్లర్‌ను అడిగారు. ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. చిక్కంతా ఆయన దస్తూరీతోనే. ఆ కోడి గీతల్ని చదివి టైపు కొట్టగల దిక్కు ఆఫీసు మొత్తానికి తోమా ఒక్కడే.

“నాకు జర్మన్ రాదు కదా సార్,” అన్నాడు తోమా.

“రాకపోతేనే మంచిది. ఉన్నది ఉన్నట్టు కొడతావు,” అన్నాడు స్టాడ్లర్ ఇంగ్లీషులో.

అందులో నిజముంది. నరసరావుపేటలో టైపు హయ్యరు నేర్పిన పేరయ్య మాస్టారు కూడా అదే చెప్పేవాడు, అర్థం గొడవ నీకెందుకురా, అక్షరం చూసుకో అని. తోమా అక్షరం చూసుకుంటూనే మొదలుపెట్టాడు. డ్యూటీ అయ్యాక గంటసేపు కూర్చునేవాడు. అయిదు గంటల కంపెనీ బస్సు వదిలేసి ఏడింటి బస్సు పట్టుకునేవాడు. అయితే మనిషి అన్నాక అర్థం మీదికి మనసు పోకుండా ఉంటుందా? మనామా పాత బజారులో ఒక నిఘంటువు దొరికితే కొన్నాడు. ఏడాది తిరిగేసరికి వాక్యం చూస్తే దానిలో ఏముందో తెలిసేంత వచ్చేసింది.

వచ్చాక ఆ ఊరు ఆయన్ని కట్టిపడేసింది. ఉప్పు మూటలు మోసే కంచరగాడిదల బిడారులు అక్కడ ఆగేవి. సంత రోజు పొద్దున్నే చావడి ముందు స్తంభానికి చెక్కతో చేసిన చెయ్యి ఒకటి వేలాడదీసేవాళ్లు. అది వేలాడుతున్నంతసేపు ఎంత పాత పగ ఉన్నా ఎవరూ ఎవరి మీదా చెయ్యి చేసుకోకూడదు. రొట్టె తూకంలో మోసం చేసినవాణ్ణి బుట్టలో కూర్చోబెట్టి అందరూ చూస్తుండగా వాగులో ముంచేవాళ్లు. ఊరు రెండుసార్లు కాలిపోయింది. రెండోసారి గుడి ఊడ్చే ముసలావిడ ఒకతె మంటల్లోకి పోయి సంత పత్రాన్ని చీర కుచ్చెళ్లలోనో, వాళ్ల గౌను మడతల్లోనో దాచుకుని బయటపడింది. పత్రం బతికింది, ఆవిడ వారానికి పోయింది. ఆవిడ పేరు ఎక్కడా లేదు.

ఆ పుట కొట్టిన రోజు తోమాకు అన్నం సహించలేదు. మర్నాడు స్టాడ్లర్ గదికి వెళ్లి అడిగాడు. “ఆ ముసలామె పేరు ఏ కాగితంలోనూ లేదా సార్?”

“లేదు. ఎవరూ రాయలేదు,” అన్నాడు స్టాడ్లర్. తర్వాత తోమా ముఖం చూసి నవ్వి భుజం తట్టాడు. “నీ పేరు మాత్రం అలా పోనివ్వను. మూడో పుటలో వేయిస్తాను. సరిచూసినవారు, తోమా, బహ్రెయిన్. మాటిస్తున్నా.”

ఇంకేముంది! తోమా కాళ్లు నేల మీద ఆనలేదు. అద్లియాలో వాళ్లుండే రెండు గదుల ఇంటికి వచ్చి భార్య లూర్దుమేరికి చెప్పాడు. ఆమె అక్కడే ఒక బేకరీలో కౌంటరు డ్యూటీ చేసేది. పదమూడేళ్ల కూతురు జెస్సికాకు చెప్పాడు. శుక్రవారం మనామా చర్చిలో పూజ అయ్యాక తెలుగువాళ్లంతా హాల్లో టీ తాగుతుంటే అక్కడా చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా, ప్రతి శుక్రవారం గ్రాట్‌బాఖ్ కబుర్లే. బుట్టలో రొట్టెలవాడి కథకు పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. జయకర్ అని సల్మాబాద్ గ్యారేజీలో పనిచేసే కుర్రాడు మాత్రం ఆటపట్టించేవాడు.

“ఏంది తోమన్నా, మీ ఊరి సంతలో ఈ వారం మిరగాయలు ఎట్టా ఉండాయి?”

“నవ్వరా నవ్వు. పుస్తకం వచ్చినాక నవ్వుదువుగానీ,” అనేవాడు తోమా.

2006 నవంబరులో అసలు పత్రం నకలు టైపు చేసే వంతు వచ్చింది. అందులో చివరి వాక్యం దగ్గర తోమా వేళ్లు ఆగిపోయాయి. ‘అపొస్తలుడైన పునీత తోమా పండుగ తర్వాతి గురువారం, 1507వ సంవత్సరం’ అని ఉంది. పక్కన స్టాడ్లర్ పెన్సిలుతో, అంటే జూలై 8, అని రాసుకున్నాడు. ఉత్సవానికి ఊళ్లో పెట్టుకున్న ముహూర్తం కూడా అదే.

ప్రపంచంలో ఆ తప్పు పట్టగలవాళ్లు ఎందరున్నారో గానీ, సిత్రాలో మాత్రం తోమా ఒక్కడే. ఆయన తాత రెంటచింతల దగ్గర పల్లెలో ఉపదేశి, ఫాదరు రాని రోజుల్లో జపాలు చెప్పించే మనిషి. బిడ్డ పుట్టిన రోజు గుడి పంచాంగంలో ఏ పునీతుడి పండుగ ఉంటే ఆ పేరు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. తోమా పుట్టింది డిసెంబరు ఇరవై ఒకటిన. ఆ రోజుల్లో తోమా పండుగ అదే. ఆయనకు ఏడెనిమిదేళ్లప్పుడు రోమాపురిలో పంచాంగం మార్చి పండుగను జూలై మూడుకు తెచ్చారు. నాయనమ్మ ఒప్పుకోలేదు. “వాళ్లు మార్చుకుంటే మార్చుకోనీరా, నువ్వు పుట్టిన దినం మారుద్దా?” అని బతికినన్నాళ్లూ డిసెంబరులోనే పాయసం వండింది. 1507లో రాసిన పత్రానికి 1969లో మార్చిన పంచాంగం పెట్టి లెక్కకట్టాడు స్టాడ్లర్! తోమా పాత పంచాంగం వేసుకుని వారాలు లెక్కపెట్టాడు. ఆ ఏడు తోమా పండుగ మంగళవారం. తర్వాతి గురువారం డిసెంబరు ఇరవై మూడు.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. పత్రం తేవడానికి పోయిన ఊరి పెద్దలు మోకాలి లోతు మంచులో నడిచారని మూడో అధ్యాయంలో ఉంది. జూలైలో మోకాలి లోతు మంచేమిటి? కొండ ఎత్తు కదా అనుకుని స్టాడ్లర్ సరిపెట్టుకున్నాడు.

తోమా ఒక కాగితం మీద లెక్కంతా శుభ్రంగా రాసి, పాత తేదీ, కొత్త తేదీ, కారణం, పుట నంబరు, అన్నీ వేసి తీసుకెళ్లి ఇచ్చాడు. స్టాడ్లర్ రెండుసార్లు చదివాడు. ముఖం ఎర్రబడింది. కుర్చీలోంచి లేచి తోమాను గట్టిగా వాటేసుకున్నాడు. “బ్రావో తోమా! నా పరువు నిలబెట్టావు,” అన్నాడు. ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పదహారేళ్ల ఉద్యోగంలో నకలు తీయకుండా, సంతకం లేకుండా తోమా చేయి దాటిన కాగితం అదొక్కటే. వాటేసుకున్న మనిషిని సంతకం పెట్టమని ఎలా అడుగుతారు? అడగబుద్ధి కాలేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు.

మే నెలలో పని పూర్తయింది. స్టాడ్లర్ మొత్తం డిస్కులో వేయించుకుని, కంపెనీ కంప్యూటరులో సొంత పని ఉండటం బాగుండదు, తీసేయమన్నాడు. తోమా తీసేశాడు. జూన్‌లో ఆయన సెలవు మీద వెళ్లాడు. జూలై ఎనిమిది వచ్చింది, పోయింది. తేదీ మార్చుకుని ఉంటారులే, డిసెంబరులో చేస్తారు కాబోలు అనుకున్నాడు తోమా. అంత నమ్మకం.

సెప్టెంబరు మొదట్లో, బుధవారం పొద్దున, స్టాడ్లర్ తిరిగొచ్చాడు. రంగు కాగితం చుట్టిన పుస్తకం తోమా చేతిలో పెట్టి, “నీ పేరు ఉంది ఇందులో,” అన్నాడు. అంటూనే ఫోను మోగినట్టు గదిలోకి వెళ్లిపోయాడు. ఫోను మోగలేదు. తోమా అది పట్టించుకునే స్థితిలో లేడు. అక్కడ విప్పకుండా, ఇంటికి తీసుకెళ్లి భార్యాబిడ్డల ముందు విప్పాడు.

మూడో పుట తీశాడు. సరిచూసినవారు అన్న చోట డాక్టరు పట్టా ఉన్న ఎవరిదో పేరుంది. తోమా ఆ పుటను మళ్లీ చదివాడు. రెండో పుట చూశాడు, నాలుగో పుట చూశాడు. లూర్దుమేరి ఆయన ముఖంలోకే చూస్తోంది.

పుస్తకం అందుకుని తిరగేస్తున్న జెస్సికా ఒక్కసారిగా అరిచింది. “నాన్నా, ఇదిగో నీ పేరు! ఇక్కడుంది!”

పదకొండో పుటలో, సంత పత్రం బొమ్మ కింద, వేరే చిన్న కాగితం అతికించి ఉంది. దాని మధ్యలో తోమా, బహ్రెయిన్ అని నిజంగానే ఉంది. లూర్దుమేరి సిలువ గుర్తు వేసుకుంది. “చూశారా, మాట నిలబెట్టుకున్నాడు మారాజు,” అంటూ కళ్లు తుడుచుకుంది. జెస్సికా అప్పటికే స్నేహితురాలికి ఫోను చేస్తోంది.

తోమా చదివాడు. నిఘంటువు అక్కర్లేకపోయింది. ఆ మాటలన్నీ తను వందసార్లు కొట్టినవే. ‘ఈ పుటలో జూలై 8 అని ఉన్నది తప్పు. సరైన తేదీ డిసెంబరు 23. బహ్రెయిన్‌లో రాతప్రతిని టైపు చేసిన తోమా అనే భారతీయుని పొరపాటు వల్ల ఇది జరిగింది. రచయిత విచారం వెలిబుచ్చుతున్నారు.’

“ఏమని రాశారండీ?” అంది లూర్దుమేరి.

“తర్వాత చెబుతాలే,” అన్నాడు.

గురువారం పొద్దున స్టాడ్లర్ గదిలోకి వెళ్లి తలుపు మూశాడు. పుస్తకం ఆ పుట దగ్గర తెరిచి బల్ల మీద పెట్టాడు.

“ఈ తప్పు పట్టుకుంది నేను సార్. మీకు కాగితం రాసిచ్చాను.”

“ఇచ్చావు,” అన్నాడు స్టాడ్లర్. కాదనలేదు, అదీ విచిత్రం. “వెళ్లి మేయరుకు చెప్పాను. అప్పటికే పోస్టర్లు అచ్చయ్యాయి. జూలై ఎనిమిది ఆదివారం పడింది, ఎండ కాసే రోజులు, నాలుగు ఊళ్ల నుంచి బ్యాండ్లు వస్తున్నాయి. డిసెంబరు మంచులో ఎవరొస్తారన్నారు. అందుకని పుస్తకంలోనూ జూలైయే వేయించాను. సరిగ్గా ఉత్సవం రోజున, అందరి ముందు, ఒక రిటైరైన బడిపంతులు లేచి అడిగాడు, తోమా పండుగ జూలైలో ఎప్పుడుండేదండీ అని. ఊరంతా నా వైపే చూసింది. ఏం చెప్పమంటావు?”

“ముందే తెలుసని చెప్పాల్సింది.”

“తెలిసి కూడా తప్పు వేశానని చెప్పనా? డిసెంబరులో నేను రిటైరై అక్కడికే పోయి బతకాలి తోమా. చచ్చాక పాతేదీ అక్కడే. నిన్ను అక్కడ ఎవరూ ఎరగరు. జన్మలో నువ్వా ఊరు వెళ్లవు. నీకు పోయేదేముంది?”

తోమాకు ఆ ఊరి స్తంభం, చెక్క చెయ్యి, వాగు, గాడిదలు ఆగే సందు, అన్నీ కళ్ల ముందు కదిలాయి. తన పల్లెలో వీధుల కంటే ఆ వీధులే ఇప్పుడు ఆయనకు బాగా తెలుసు. మూడేళ్లు ఆ ఊరి మంచీ చెడ్డా తనవిగా మోశాడు. మంటల్లో పోయిన వాళ్ల పిల్లల కోసం, కాలిన ఇళ్ల కోసం కుమిలాడు. ఇప్పుడు ఆ ఊళ్లో ప్రతి ఇంటి అలమరలో తోమా అంటే తప్పు చేసినవాడు. వందేళ్ల తర్వాత చదివినవాడికి కూడా అంతే. ముసలామెకు పేరు లేకుండా పోయింది. ఆమే నయం.

“ఆ కాగితం మీ దగ్గరుందా సార్?”

“లేదు,” అన్నాడు స్టాడ్లర్. “నువ్వు నకలు ఉంచుకుని ఉంటావు కదా? నువ్వు ఎప్పుడూ ఉంచుకుంటావు.” ఆ ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం ఆయన కళ్లలో భయం కనిపించింది.

“ఉంచుకోలేదు,” అన్నాడు తోమా. అబద్ధమాడటం చేతకాని మనిషి మరి. స్టాడ్లర్ ఊపిరి వదిలి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తోమా పుస్తకం తీసుకుని బయటికి వచ్చేశాడు. ద్రోహం చేసినవాడు ప్రశాంతంగా అద్దాలు తుడుచుకుంటుంటే చూడటం, ద్రోహం కంటే కష్టంగా ఉంది.

శుక్రవారం పూజ అయ్యాక హాల్లోకి అడుగుపెట్టేసరికి ముందు వరుసలో కుర్చీ వేసి ఉంది. తెలుగు సంఘం పెద్ద జాన్ పాల్ చేతిలో శాలువా. జెస్సికా ఫోను చేసింది ఒకరికే గానీ వార్త అందరికీ చేరిపోయింది. తోమా వద్దు వద్దంటున్నా భుజాల మీద శాలువా కప్పారు.

“మన గుంటూరు జిల్లా బిడ్డ పేరు విదేశాల చరిత్ర పుస్తకంలోకెక్కింది. ఇది మనందరికీ గర్వం,” అని జాన్ పాల్ మైకులో అన్నాడు. జెస్సికా తెచ్చిన పుస్తకం అందరికీ ఎత్తి చూపించాడు. “తోమన్నా, నీ పేరున్న ఆ నాలుగు మాటలూ చదివి, మాకు తెలుగులో చెప్పు.”

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది జయకర్. లూర్దుమేరి పెళ్లిళ్లకు తప్ప తీయని పట్టుచీర కట్టుకొచ్చింది. తోమా మైకు పట్టుకుని నిలబడ్డాడు. ఇష్టం వచ్చింది చెప్పొచ్చు. ఆ హాల్లో జర్మన్ వచ్చినవాడు ఒక్కడూ లేడు. గొప్పవాడు తోమా అని రాసుందంటే గొప్పవాడే అయిపోతాడు. కానీ గుడి హాలు, అందులోనూ పూజ అయిన మరుక్షణం. ఆయన నోరు అటు తిరగలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాడు, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాడు.

“పుస్తకంలో తేదీ తప్పు పడిందంట. ఆ తప్పు చేసింది తోమా అని రాశారు. అది అబద్ధం. ఆ తప్పు కనిపెట్టి చెప్పిందే నేను.”

చప్పట్లు ఆగిపోయాయి. జాన్ పాల్ దగ్గరికొచ్చి, మైకు మెల్లిగా తీసుకుని, తోమా వీపు నిమిరాడు.

“ఏం కాదులే అన్నా. అంత పెద్ద పుస్తకం, రాని భాష. ఎవరికైనా ఒక పొరపాటు జరగదా? మనసు కష్టపెట్టుకోమాక.”

“అది కాదు జాన్ పాల్, నేను చేయలేదంటున్నా.”

“తెలుసన్నా, తెలుసు,” అన్నాడు జాన్ పాల్. పసిపిల్లలతో మాట్లాడే గొంతు అది. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకున్నారు. టైపింగులో ఇట్టాంటివి మామూలేనన్నారు, దేవుడు చూసుకుంటాడన్నారు. జయకర్ ఆటపట్టించకుండా తల దించుకుని పక్కకి తప్పుకున్నాడు. శాలువా మాత్రం ఎవరూ తీయలేదు.

ఇంటికి వచ్చే దారి పొడుగునా తోమా తేదీ లెక్కకట్టిన సంగతీ, సారుకి కాగితం రాసిచ్చిన సంగతీ చెప్పుకొచ్చాడు. లూర్దుమేరి చీర మార్చుకుని అన్నం వడ్డించింది. జెస్సికా ఎదురుగా కూర్చుని, తండ్రి వైపు చూడకుండా కంచంలో గీతలు గీస్తోంది.

“సారుకి కాగితం రాసిచ్చానన్నారుగా,” అంది లూర్దుమేరి. “దాని నకలు జాన్ పాల్ గారికి చూపిస్తే పోయేదిగా?”

“నకలు తీయలేదు.”

గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది. కరెంటు బిల్లుకు కూడా నకలు తీసి ఫైలులో పెట్టే మనిషి ఆయన. పదహారేళ్ల కాపురంలో ఆమెకు అంతకంటే బాగా తెలిసిన విషయం ఇంకొకటి లేదు. ఆయన వైపు కాసేపు చూసింది. తర్వాత కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది.

“పోయినేడు రంజాను నెలలో మీకు వారం పాటు జొరం. వద్దొద్దంటున్నా ఎళ్లి కూచుని కొట్టారు. అప్పుడు జరిగుంటదిలెండి. దానికేముంది.”

ఆ గొంతులో ఎంత ప్రేముందో తోమాకు వినిపించింది. స్టాడ్లర్ అన్న ఏ మాటా ఇంత లోతుకు దిగలేదు.

“నేను కాదు మేరీ,” అన్నాడు.

“సర్లెండి, తినండి,” అంది ఆమె.